ఎప్పుడు రావాలో, ఎప్పుడు రానక్కరలేదో చెప్పే క్లినిక్: మల్కాజిగిరిలో మా మూడేళ్ళ అనుభవం

నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి పదవీ విరమణ పొందాను. మల్కాజిగిరిలో మా అబ్బాయి కుటుంబంతో కలిసి ఉంటున్నాం. కొడుకూ కోడలూ ఇద్దరూ పొద్దున ఎనిమిదింటికల్లా మాదాపూర్ వైపు ఉద్యోగాలకు బయలుదేరితే రాత్రి ఎనిమిది దాటేదాకా తిరిగి రారు కాబట్టి, పగలంతా ఐదేళ్ళ మనవణ్ణీ పద్నాలుగు నెలల మనవరాలినీ చూసుకునేది నేనూ మా ఆవిడే. పిల్లల్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే, ఇప్పుడే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలా, సాయంత్రం దాకా ఆగి చూడాలా అన్న నిర్ణయం మా ఇద్దరి నెత్తిన పడుతుంది. ఆ నిర్ణయం ఎంత బరువైనదో పిల్లల్ని సాకినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆనంద్‌బాగ్ వైపు ఒక మెడికల్ షాపు పైఅంతస్తులో ఉన్న చిన్న పిల్లల క్లినిక్‌కు మూడేళ్ళుగా వెళుతున్నాం. ఆ క్లినిక్ గురించే ఈ సమీక్ష. అక్కడి డాక్టరమ్మ అనుమతి తీసుకోలేదు కనుక ఆమె పేరూ, క్లినిక్ పేరూ వ్రాయడం లేదు. చుట్టుపక్కల ఉండేవారు వివరాలను బట్టి ఎలాగూ పోల్చుకుంటారు. దూరాన ఉన్నవారికి మాత్రం, తమ పేటలోని పిల్లల డాక్టరు నుంచి ఏమి అడిగి తెలుసుకోవాలో ఈ వ్రాత వల్ల తెలిస్తే నాకు చాలు.

ఈ క్లినిక్‌కు రాకముందు జరిగినదొకటి చెప్పాలి. మనవడికి రెండేళ్ళప్పుడు ఒక రాత్రి 103 డిగ్రీల జ్వరం వచ్చింది. మేము హడలిపోయి, క్యాబ్ పిలిపించుకుని, దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తాం. చూసిన వెంటనే చేర్చుకున్నారు. చేతికి కాన్యులా గుచ్చి సెలైన్ ఎక్కించారు, రెండు పూటలా ఇంజెక్షన్లు ఇచ్చారు, మూడో రోజు ఇంటికి పంపుతూ కాగితం మీద వైరల్ జ్వరం అని వ్రాసి ఇచ్చారు. బిల్లు కట్టాం, దాని సంగతి అలా ఉంచుదాం. ఆ తరువాత ఎన్నో నెలలు తెల్లకోటు కనబడితే చాలు పిల్లవాడు గుక్కపెట్టి ఏడ్చేవాడు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఎందుకు చేర్చుకున్నారో, ఏ లక్షణం చూసి భయపడ్డారో, మళ్ళీ జ్వరం వస్తే మేము ఏమి గమనించాలో ఆ మూడు రోజుల్లో ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఎంత అజ్ఞానంతో లోపలికి వెళ్ళామో అంత అజ్ఞానంతోనే బయటకు వచ్చాం.

రెండు నెలల తరువాత మళ్ళీ జ్వరం వచ్చినప్పుడు మా కింది వాటాలో ఉండే ఆవిడ ఈ క్లినిక్ పేరు చెప్పింది. వెళ్ళగానే సిస్టర్ పిల్లవాణ్ణి త్రాసు మీద నిలబెట్టి బరువు చూసి, చీటీ పైభాగాన ఎర్ర సిరాతో వ్రాసింది. నిన్ననే వచ్చిన పిల్లనైనా సరే, బరువు చూడనిదే లోపలికి పంపకపోవడం అక్కడి నియమం. డాక్టరమ్మ స్టెతస్కోపు ముట్టుకోకముందే రెండు నిమిషాలు పిల్లవాణ్ణి ఊరికే చూస్తూ కూర్చుంది. వాడు నా జేబులో పెన్ను లాక్కుని బల్ల మీద గీతలు గీస్తున్నాడు. ఆ తరువాత నన్ను ప్రశ్నలు అడిగింది. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రం పోశాడు, ఏమి తాగాడు, జ్వరం కాస్త దిగినప్పుడు ఆడుకుంటున్నాడా లేక అప్పుడు కూడా మగతగా పడి ఉంటున్నాడా అని. నేను మాత్రం ఏ గంటకు ఎన్ని డిగ్రీలు ఉందో నోటు పుస్తకంలో వ్రాసుకుని వెళ్ళాను, ఆమె అడిగిన వాటిలో ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేదు. ‘‘తాతగారూ, మీ లెక్క బాగుంది. కానీ థర్మామీటరు చెప్పేది సగమే, మిగతా సగం వీడు చెబుతాడు’’ అని ఆమె అన్నది. గొంతూ చెవులూ ఊపిరితిత్తులూ పరీక్షించి, పారాసిటమాల్ తప్ప మరే మందూ వ్రాయలేదు. రెండు రోజుల్లో తగ్గుతుందనీ, మూడో రోజు కూడా జ్వరం ఉంటే తీసుకురమ్మనీ చెప్పింది.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు తృప్తి కలగలేదు. ఫీజు పుచ్చుకుని యాంటీబయాటిక్ వ్రాయలేదేమిటని దారి పొడవునా మా ఆవిడతో అంటూనే ఉన్నాను. మెట్లు దిగుతుండగా సిస్టర్ పిలిచి చేతిలో పెట్టిన ప్లాస్టిక్ పొర వేసిన కాగితాన్ని కూడా సరిగా చూడలేదు. మూడో రోజుకు జ్వరం తగ్గి పిల్లవాడు పెరుగన్నం తిన్నాక, తీరిగ్గా కూర్చుని ఆ కాగితం చదివాను. నేను ఈ క్లినిక్‌కు పూర్తి మార్కులు వేయడానికి కారణం ఆ కాగితమే.

ఒకవైపు తెలుగులో, రెండో వైపు ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ అచ్చు వేసిన ఆ ఒక్క కాగితంలో, పిల్లల్ని తక్షణం తీసుకురావలసిన పరిస్థితులు, ఆ రోజులోగా చూపించవలసినవి, ఇంట్లోనే ఉంచి గమనించదగినవి వేరువేరుగా ఉంటాయి. వైద్య పదాలకు బదులు మన ఇళ్ళలో వాడే మాటలే ఉన్నాయి. డొక్కలు ఎగరవేయడం, మాడు లోపలికి దిగిపోవడం, కళ్ళు తేలవేయడం, పసరు వాంతులు, పాలు పట్టినా తాగకుండా సోలిపోవడం వంటివి చదివితే, అక్షరాలు కూడబలుక్కుని చదివే మా ఆవిడకు కూడా డాక్టరు ఎదురుగా కూర్చుని చెప్పినట్టే ఉంటుంది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాం. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలలో ఉన్న వాక్యం ఇది: ‘‘మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీలు లేదా అంతకు మించి జ్వరం ఉంటే, బిడ్డ ఎంత హుషారుగా కనబడినా, పగలైనా రాత్రైనా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.’’

ఆ వాక్యం విలువ మాకు పోయిన ఏడాది ఫిబ్రవరిలో తెలిసింది. మనవరాలికి అప్పటికి సరిగ్గా రెండు నెలలు. ఒక మధ్యాహ్నం ఒళ్ళు కొద్దిగా వెచ్చగా అనిపిస్తే చంకలో థర్మామీటరు పెట్టి చూశాను, 100.6 ఉంది. మనవడికి 103 వచ్చినప్పుడు కూడా ఏమీ కాలేదు కదా, ఇది ఒక లెక్కా అని నాకు అనిపించింది. దిష్టి తగిలి ఉంటుందని మా ఆవిడ అన్నది, ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దిష్టి కూడా తీసింది. పాప పాలు తాగుతూనే ఉంది, రెండు మూడు గుక్కలు తక్కువేమో అంతే. నీళ్ళ కోసం ఫ్రిజ్ దగ్గరకు వెళ్ళి ఆ పై వాక్యం కంటబడకపోతే సాయంత్రం కోడలు వచ్చేదాకా ఆగి ఉండేవాళ్ళమే. క్లినిక్‌కు ఫోన్ చేస్తే సిస్టర్ వయసు అడిగి, ఇంకేమీ అడగకుండా, ‘‘ఇక్కడికి రావద్దు సార్, టైము వృథా అవుతుంది, చంటిపిల్లల వార్డు ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్ళండి. ఇంట్లో ఏ మందూ పట్టకండి’’ అని చెప్పింది. పది నిమిషాల్లో డాక్టరమ్మే తిరిగి ఫోన్ చేసి, మేము ఏ ఆసుపత్రికి వెళుతున్నామో కనుక్కుని, అక్కడి డాక్టరుతో తాను మాట్లాడతానన్నది. మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ బయటపడింది. ఆ వయసులో రోగనిరోధక శక్తి ఇంకా అంతంతమాత్రమే కాబట్టి మూత్రంలో మొదలైన సూక్ష్మక్రిములు రక్తంలోకి, మెదడు పొరల దాకా కూడా పాకగలవనీ, పైకి కనిపించే గుర్తు ఆ కాస్త వెచ్చదనం ఒక్కటే కావచ్చుననీ తరువాత ఆమె వివరించింది. సకాలంలో మందు పడింది, పాప వారం తిరగకుండా కోలుకుంది.

పెద్దపిల్లవాడికి 103 డిగ్రీలున్నా ఇంట్లో ఉంచవచ్చుననీ, పసిగుడ్డుకు 100.6 ఉంటే పరుగెత్తాలనీ తెలుసుకోవడానికి నాకు అరవై మూడేళ్ళు పట్టింది. మా పిల్లల్ని పెంచే రోజుల్లో ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు.

కాగితంలో నాకు మిక్కిలి ఉపయోగపడిన రెండో విషయం ఊపిరి లెక్క. జలుబూ దగ్గూ ఉన్న బిడ్డ నిద్రపోతున్నప్పుడో, నెమ్మదిగా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి, పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో పూర్తిగా ఒక నిమిషం పాటు గడియారం పెట్టుకుని లెక్కించాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు వారికి 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు వారికి 40, ఆ సంఖ్యను చేరినా దాటినా అది వేగంగా ఊపిరి తీయడమే, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఊరూరా ఆరోగ్య కార్యకర్తలకు న్యుమోనియాను పసిగట్టడానికి నేర్పే లెక్క కూడా ఇదే. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నా, మూలుగు వినిపిస్తున్నా, పెదవులు నీలంగా మారినా ఇక లెక్కపెడుతూ కూర్చోకుండా బయలుదేరాలి. ఉద్యోగంలో రైళ్ళ వేళలు చూసుకున్న పాత చేతిగడియారాన్ని ఇప్పుడు ఈ పనికి వాడుతున్నాను. మనవరాలికి పది నెలలప్పుడు జలుబు చేసి ఛాతీలో గురకలా చప్పుడు వినబడితే రాత్రి రెండుసార్లు లెక్కించాను, ఒకసారి 42, ఒకసారి 44 వచ్చింది. డొక్కలు ఎగరవేయడం లేదు, పాలు తాగుతోంది. అందుచేత రాత్రికి రాత్రి ఎక్కడికీ తీసుకుపోకుండా ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, తెల్లవారాక క్లినిక్‌లో చూపించాం. అంతకు మునుపైతే అర్ధరాత్రి క్యాబ్ పిలిచేవాళ్ళం. ఆ రాత్రి బిడ్డ తన పక్క మీద తాను నిద్రపోయింది.

ఇక పోయిన సెప్టెంబరు సంగతి. మన నగరంలో వానాకాలం వెళ్ళీవెళ్ళకముందే డెంగ్యూ మొదలవుతుంది, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ముందు, మా తరం వారు ఇప్పటికీ కోరంటి దవాఖానా అని పిలిచే చోట, వరుసలు పెరుగుతాయి. నాలుగేళ్ళు దాటిన మనవడికి హఠాత్తుగా 104 దాకా జ్వరం వచ్చింది. జలుబు లేదు, దగ్గు లేదు, కళ్ళ వెనక నొప్పి అంటాడు. రెండో రోజే క్లినిక్‌కు తీసుకువెళితే రక్తపరీక్ష చేయించి డెంగ్యూ అని నిర్ధారించారు. నేను చేర్పించమని ప్రాధేయపడ్డాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. పిల్లవాడు తాగుతున్నాడు, మూత్రం బాగా వస్తోంది, పొట్ట మెత్తగా ఉంది, అందుచేత ఇప్పుడు ఆసుపత్రిలో చేయగలిగినది ఇంట్లోనూ చేయవచ్చుననీ, అయితే ప్రతిరోజూ వచ్చి రక్తపరీక్ష చేయించుకుని తీరాలనీ చెప్పింది. పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి పొరపాటున కూడా ఇవ్వవద్దనీ, వాటివల్ల రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుందనీ రెండుసార్లు హెచ్చరించింది. ఆ తరువాత ఆమె చెప్పిన మాట నేను నోటు పుస్తకంలో ఆమె ఎదుటే వ్రాసుకున్నాను: ‘‘డెంగ్యూలో జ్వరం ఉన్నన్నాళ్ళూ నాకు అంత భయం ఉండదు తాతగారూ, జ్వరం దిగిన రోజు నుంచి రెండు రోజులు భయపడతాను.’’

నాలుగో రోజు తెల్లవారుజామున జ్వరం దిగింది. ఇంట్లో అందరి ముఖాలూ విచ్చుకున్నాయి, మా ఆవిడ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. కాని పిల్లవాడు ఆడుకోవడానికి లేవలేదు. పది గంటలకు కడుపు నొప్పి అన్నాడు, పన్నెండు లోపల మూడుసార్లు వాంతి చేసుకున్నాడు, అరికాళ్ళు పట్టుకుంటే చల్లగా తగిలాయి. జ్వరం పోయింది కదా, నీరసం వల్ల అయి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కాగితంలో డెంగ్యూ గురించి విడిగా ఉన్న గడిలో విడవని కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, చల్లబడిన కాళ్ళూ చేతులూ, మగత, విసుగు అని వరుసగా ఉన్నాయి. అందులో మూడు మా వాడిలో ఉన్నాయి. ఆ రోజు డాక్టరమ్మ మమ్మల్ని వరుసలో కూర్చోబెట్టకుండా లోపలికి పిలిచి, రక్తపోటు చూసి, తానే అంబులెన్సు పిలిపించి ఆసుపత్రికి పంపింది. రక్తనాళాల గోడల నుంచి ద్రవం బయటకు ఊరిపోయి రక్తం చిక్కబడుతోందనీ, ప్లేట్‌లెట్లు తగ్గిన దానికంటే ఈ చిక్కదనమే పెద్ద ప్రమాదమనీ, సెలైన్‌ను లెక్క ప్రకారం గంట గంటకూ సరిచూస్తూ ఎక్కించాలనీ అక్కడి వైద్యులు చెప్పారు. ఒకటిన్నర రోజు అలా గడిచాక పిల్లవాడు లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడు. ఆ ఇడ్లీ ముక్క వాడి నోట్లో పెడుతుంటే నా చేతులు వణికాయి.

జ్వరం తగ్గిందని ఆ పూట ఇంట్లోనే ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ పూర్తిగా తలుచుకోలేను. బొప్పాయి ఆకు రసం పట్టమని ఆ నాలుగు రోజుల్లో కనీసం పదిమంది ఫోన్ చేసి చెప్పారు. వారిది ప్రేమే. కానీ జ్వరం దిగాక జాగ్రత్తగా చూడండి అన్నవారు ఒక్కరు లేరు.

మందుల విషయంలోనూ ఈ క్లినిక్ పద్ధతి మెచ్చుకోదగినది. పారాసిటమాల్ ఎంత పట్టాలో మిల్లీగ్రాములలోనూ, ఆ షాపులో ఇచ్చే సీసా ప్రకారం మిల్లీలీటర్లలోనూ వ్రాస్తారు. ఎందుకంటే ఒకే మందు 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉండే సిరప్‌గానూ, 250 ఉండే సిరప్‌గానూ, ఒక్క మిల్లీలీటరుకే 100 ఉండే చుక్కలుగానూ దొరుకుతుంది. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 12 కిలోల పిల్లవాడికి ఒక మోతాదు 180 మిల్లీగ్రాములు, అంటే మొదటి సీసాలో ఏడున్నర మిల్లీలీటర్లు, రెండో సీసాలో మూడున్నర పైచిలుకు. సీసా మారినా చెంచా మారకపోతే మోతాదు రెట్టింపవుతుందని నాకు అంతకు ముందు తెలియదు. వంటింటి చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన గీతల మూతతోనో సిరంజితోనో పట్టమంటారు, మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలంటారు. నిమెసులైడ్ అనే జ్వరం మందును 12 ఏళ్ళ లోపు పిల్లలకు వాడకుండా మన దేశంలో 2011లోనే నిషేధించారని చెప్పి, మా ఇంట్లో పాతదేమైనా ఉంటే పారవేయమని డాక్టరమ్మ అన్నది. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గుమందు అడిగితే ఆమె ముఖం గట్టిపడుతుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషరసాయనం కలిసిన దగ్గుమందు తాగి పిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయాక, రెండేళ్ళ లోపు వారికి దగ్గు, జలుబు మందులు వ్రాయవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ కూడా చెప్పింది. ఈ క్లినిక్‌లో అంతకు ముందు నుంచీ అదే పద్ధతి.

విరేచనాల గురించి కాగితంలో ఉన్నది కూడా చెప్పి తీరాలి. పళ్ళు వస్తున్నాయి కనుక విరేచనాలు మామూలే అని మన ఇళ్ళలో అనుకుంటాం. దాన్ని నమ్మి ఊరుకోవద్దని అందులో ఉంది. ఓఆర్ఎస్ పెద్ద పొట్లాన్ని సరిగ్గా ఒక లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో కొంచెం పొడి కొంచెం నీళ్ళు అని ఉజ్జాయింపుగా కలపకూడదు, ఉప్పు మోతాదు ఎక్కువైతే మేలుకు బదులు కీడు జరుగుతుంది. వాంతి అయినా పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచా చెంచాగా పట్టాలి. డాక్టరు చెప్పిన జింకు మందును విరేచనాలు ఆగినా రోజులు పూర్తయ్యేదాకా వాడాలి. ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, నాలుక ఎండిపోయినా, కళ్ళు గుంటలు పడినా, చంటిబిడ్డ మాడు దిగిపోయినా, ఎనిమిది గంటలుగా డైపర్ తడవకపోయినా, మలంలో రక్తం కనబడినా ఆగకూడదు. వాంతి పసరులా పచ్చగా అయితే పేగు మెలికపడి ఉండవచ్చు కనుక నేరుగా పెద్దాసుపత్రికే పోవాలి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని పళ్ళరసాల డబ్బాలలో అమ్మిన చక్కెర నీళ్ళను మేమూ ఒకప్పుడు కొని పిల్లవాడికి పట్టాం. మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం తరువాత, 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రత సంస్థ అటువంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆ వారమే మా క్లినిక్ కాగితం కొత్త ముద్రణ వచ్చింది, అసలైన పొట్లం మీద ఏమేమి వ్రాసి ఉండాలో అందులో చేర్చారు.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం చేయకుండా, బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలనీ, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలనీ, అది మొదటిసారి అయితే ఆగిపోయినా సరే ఆసుపత్రిలో చూపించాలనీ కూడా అందులో ఉంది. మెడ బిగుసుకుపోవడం, గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాని ఎర్రటి మచ్చలు, గుండీ బ్యాటరీ మింగడం వంటివి తక్షణం వెళ్ళవలసిన వరుసలోనే ఉన్నాయి. దేవుడి దయ వల్ల అవి మాకు అవసరం పడలేదు.

లోపాలు లేకపోలేదు. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న మా ఆవిడ పాపను ఎత్తుకుని ఎక్కలేకపోతోంది. కూర్చునే గది ఒక్కటే కావడంతో టీకాలకు వచ్చిన చంటిపిల్లలూ, దగ్గుతున్న పిల్లలూ పక్కపక్కనే ఉండవలసి వస్తుంది. టీకాలకు వేరే వేళ కేటాయించమని రెండుసార్లు చెప్పాను, ఇంతవరకు మార్పు లేదు. టోకెన్ తీసుకున్నా సాయంత్రం పూట గంటన్నర నిరీక్షణ తప్పదు, ఎందుకంటే ఆమె ఎవరినీ తొందరగా పంపించదు. మన వంతు వచ్చినప్పుడు అదే గుణం మనకు ఇష్టమవుతుంది కనుక దాన్ని లోపంగా లెక్కించలేను. అన్నిటికంటే బాధించేది ఆదివారం. ఆ రోజు క్లినిక్ మూసి ఉంటుంది, ఫోన్ కూడా ఎవరూ ఎత్తరు. ఒక ఆదివారం మనవరాలికి చెవి నొప్పి వచ్చి గంటల తరబడి ఏడుస్తుంటే, ఎవరిని అడగాలో తెలియక వేరొక ఆసుపత్రి అత్యవసర విభాగంలో మూడు గంటలు కూర్చున్నాం. కనీసం ఆ రోజు ఎవరికి ఫోన్ చేయాలో చెప్పే ముక్క ఒకటి ఆ కాగితంలో ఉంటే బాగుండేది. సిస్టర్‌తో ఈ మాట చెప్పాను, వ్రాసుకుంది.

ఫీజు 500 రూపాయలు. అదే జబ్బుకు వారం లోపల ఎన్నిసార్లు వెళ్ళినా మళ్ళీ తీసుకోరు. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఫోన్‌లో సలహా ఇవ్వడానికి ఏమీ పుచ్చుకోరు. ఆ ఫీజు కూడా కష్టమైనవారికి దగ్గరి బస్తీ దవాఖానాకు వెళ్ళమనీ, బిడ్డ పరిస్థితి గట్టిగా ఉంటే రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రికి వెళ్ళమనీ సిస్టర్ దారి చెప్పి, ఇక్కడ చూసిన వివరాలు చీటీ మీద వ్రాసి ఇచ్చి పంపడం నేను కళ్ళారా చూశాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారని చెబితే అతని కోసం విడిగా ఒక కాగితం ఇచ్చారు. అతని భార్యకు చదవడం రాదు కాబట్టి మా ఆవిడ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కొక్క వాక్యం చదివి వినిపించింది.

మొన్న సంక్రాంతి వెళ్ళాక మనవడికి మళ్ళీ జ్వరం తగిలింది. ఆఫీసు నుంచి కోడలు ఫోన్ చేసింది. మునుపు ఫోన్ ఎత్తగానే ఎంత ఉంది, ఎంత ఉంది అని అడిగే పిల్ల, ఈసారి, ‘‘మామయ్యా, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు పాస్ పోశాడు? ఆడుకుంటున్నాడా?’’ అని అడిగింది. నాలుగుసార్లు పోశాడనీ, చెల్లెలి బొమ్మ లాక్కుని పరుగెడుతున్నాడనీ చెప్పాను. అయితే రేపటి దాకా చూద్దాం అన్నది.